ఐర్లండ్ పల్లె వైద్యంలో కలుపు మొక్కలు: ఏది పసరు, ఏది విషం

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: ఐర్లండ్‌లో ఒక పల్లెకు కాపురం మారాం. చుట్టుపక్కల పెద్దవాళ్లు తాకితే కుట్టే నెటిల్ మొక్క దురదకు, చుక్కకూర చుట్టమైన డాక్ ఆకు రుద్దమంటారు, బెణుకుకు కాంఫ్రీ అనే మొక్క వేరు కట్టమంటారు, ఎండాకాలం రాకముందే మూడు పూటలు నెటిల్ కూర తినమంటారు. వీటిలో పనిచేసేవి ఏవి? సొంతంగా చేసుకోవచ్చా?

కొన్ని చేసుకోవచ్చు, కొన్నిటి జోలికి పోకూడదు. తేడా మొక్కలో ఎంత ఉందో, దాన్ని కోసే కాలంలోనూ వాడే పద్ధతిలోనూ అంతే ఉంది.

ఆ పెద్దవాళ్లు చెప్పేది కల్పించి చెబుతున్నది కాదు. 1937 నుంచి 1939 దాకా జానపద సంగతులు సేకరించే ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ 26 కౌంటీల (జిల్లాల్లాంటివి) ప్రైమరీ బడుల పిల్లలకు నోటు పుస్తకాలిచ్చి, ఇళ్లలో తాతలూ అవ్వలూ చెప్పేవన్నీ రాయించింది. దాదాపు 5,000 బడులు, 50,000 మంది పిల్లలు. అందులో ఊరి మందులు ఒక అంశం. ఆ కాగితాలు ఇప్పుడు యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లో భద్రంగా ఉన్నాయి, నెట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. చదివితే ఒక లోటు వెంటనే కనబడుతుంది. ‘డాండిలయన్ వేరు ఉడికించి ఆ నీళ్లు తాగితే గుండెకు మంచిది’ తరహాలో ఒక ముక్క ఉంటుంది, అంతే. ఎంత వేరు, ఎన్ని నీళ్లు, ఎన్నాళ్లు అన్నది చాలా చోట్ల ఉండదు. రాసినవాడు పదకొండు పన్నెండేళ్ల పిల్లవాడు. చేసే అవ్వకు కొలత చేతిలోనే ఉంది. పైగా ఆ మందు మనిషికో, ఆవుకో, గుర్రానికో కూడా ఒక్కోసారి తేలదు. ఆ పుస్తకాలు జనం ఏం చేశారో చెబుతాయి, ఏది నయం చేసిందో చెప్పవు. ఈ రెండూ కలిపేసుకుంటేనే ప్రమాదం.

ఇంకో చిక్కు పేర్లది. ఐరిష్‌లో ‘కపోగ్’ అంటే డాక్. ‘కపోగ్ ఫాద్రిగ్’, అంటే పాట్రిక్ సెయింటు గారి డాక్, అసలు డాకే కాదు. అది వెడల్పాకు ప్లాంటేన్. ‘లుస్ మోర్’ అంటే పెద్ద మొక్క అని అర్థం, మామూలుగా ఫాక్స్‌గ్లవ్‌ని అంటారు. అది గుండెను ఆపగల మొక్క. కాబట్టి ఎవరైనా పేరు చెబితే చాలదు. గట్టు మీదకు తీసుకెళ్లి మొక్క చూపించమనండి.

ఇక నెటిల్ సంగతి. ‘మే 1 లోపు మూడు పూటలు నెటిల్ తింటే ఏడాదంతా జబ్బు రాదు’ అనే మాట దేశమంతా ఉంది. దీని వెనక ఉన్నది మంత్రం కాదు. చలికాలమంతా బంగాళాదుంప, ఓట్ జావ, ఉప్పు చేపల మీద బతికిన ఇంటికి మార్చిలో దొరికే మొదటి ఆకుకూర అదే. ‘రక్తశుద్ధి’ అన్నారు గానీ, ఆకుకూర మొహం చూడని ఒంటికి ఆకుకూర అందడమే ఆ వైద్యం. ఇప్పటికీ భేషుగ్గా తినొచ్చు. పూత రాకముందు, మార్చి ఏప్రిల్‌లో, పైనున్న నాలుగారు ఆకుల చిగురు మాత్రమే రబ్బరు గ్లౌజులతో గిల్లాలి. పూత వచ్చాక ఆకులో సున్నపు గుళికలు పేరుకుని ఇసకలా తగులుతుంది, మూత్రనాళానికి ఇబ్బంది చేస్తుందంటారు. 200 గ్రాముల చిగుళ్లు మరిగే నీళ్లలో రెండు నిమిషాలు వేస్తే ముళ్లన్నీ చచ్చిపోయి గుప్పెడంత కూర మిగులుతుంది. తోటకూర పప్పు చేసినట్టే చేసుకోవచ్చు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్రలు వేసుకునేవారు మాత్రం డాక్టరును అడగకుండా రోజూ తినకూడదు. ఇందులో విటమిన్ కె ఎక్కువ, అది ఆ మాత్రల పనికి అడ్డుపడుతుంది.

కుట్టినప్పుడు డాక్ ఆకు రుద్దడం గురించి. నెటిల్ ఆమ్లానికి డాక్ క్షారం విరుగుడని చాలామంది చెబుతారు. అది తప్పు. డాక్ రసం కూడా పులుపే, చుక్కకూర దాని దగ్గరి చుట్టమే. నెటిల్ మంటకు కారణం ఒట్టి ఫార్మిక్ ఆమ్లం కూడా కాదు. ఆ సన్నని రోమం కొన గాజు ముక్కలా విరిగి, హిస్టమిన్, అసిటైల్‌కోలిన్ వంటి మంట పుట్టించే రసాయనాలను చర్మంలోకి ఎక్కిస్తుంది. డాక్ తడి చల్లగా తగిలి కాస్త ఊరటనిస్తుంది, ఆకు వెతుక్కునేలోపు మంట సగం తనే తగ్గుతుంది. గట్టిగా రుద్దితే చర్మం మీద మిగిలిన రోమాలు కూడా లోపలికి దిగుతాయి. కాబట్టి ముందు రుద్దకుండా సబ్బు నీళ్లతో కడగండి, సెల్లో టేపు అంటించి పీకితే మిగిలిన రోమాలు వస్తాయి. ఆ తరువాత డాక్ ఆకు నలిపి పెట్టుకుంటే సరదా తీరుతుంది, నష్టమేమీ లేదు.

నా దృష్టిలో ఈ మొత్తంలో నిజంగా ఉపయోగపడేది సన్నాకు ప్లాంటేన్, అంటే రిబ్‌వర్ట్. ఐరిష్ పేరు ‘స్లాన్‌లుస్’, ఆరోగ్యపు మొక్క. మన దగ్గర పొలంలో కొడవలి తెగితే గడ్డి చామంతి ఆకు నలిపి పసరు పిండుతామే, అక్కడ ఆ స్థానం దీనిది. ఇసబ్‌గోల్‌కి ఇది అదే జాతి. గుర్తుపట్టడం తేలిక: బల్లెంలా సన్నగా పొడవైన ఆకు, అడుగు నుంచి కొస దాకా మూడు నుంచి అయిదు ఈనెలు పక్కపక్కన సాగి ఉంటాయి, ఆకును అడ్డంగా చింపి నెమ్మదిగా లాగితే ఆ ఈనెలు దారాల్లా వేలాడతాయి. నాలుగైదు లేతాకులు శుభ్రంగా కడిగి, రసం ఊరేదాకా నలిపి, చిన్న గాటు మీద పెట్టి పది నిమిషాలు అదిమి పట్టుకోవాలి. రక్తం ఆగడంలో సగం పని ఆ అదమడానిదే, మిగతాది ఆకులోని టానిన్ అనే వగరు పదార్థానిది. పాతకాలంలో నమిలి పెట్టేవారు. నోటి సూక్ష్మజీవుల్ని గాయంలోకి ఉమ్మడమే అది, చేయకండి. గొర్రెలు తిరిగిన నేల మీద తెగితే ఆకు సంగతి తరువాత, టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో చూసుకోవాలి.

వాపులకూ సెగ్గడ్డలకూ వాడినది చిక్‌వీడ్. కూరగాయల మడిలో చాప పరిచినట్టు అల్లుకునే కలుపు ఇది. కాండాన్ని వెలుతురుకు పట్టి చూడండి: ఒకే ఒక వరస సన్నని నూగు కనబడుతుంది, ప్రతి కణుపు దగ్గరా ఆ వరస పక్కకు మారుతుంది. కాండం విరిచి లాగితే లోపల సాగే దారం బయటపడుతుంది. విరిస్తే పాలు కారిందంటే అది చిక్‌వీడ్ కాదు, పెటీ స్పర్జ్, చర్మం బొబ్బలెక్కుతుంది. ఆకు అడుగున నల్లచుక్కలు, కాండానికి నాలుగు పలకలు ఉంటే స్కార్లెట్ పింపర్నెల్, అదీ విషమే.

పట్టు వేసేందుకు రెండు గుప్పెళ్ల చిక్‌వీడ్‌ని ముణిగేదానికి కొంచెం తక్కువ నీళ్లలో మూడు నిమిషాలు ఉడికించి, పిండి, పలచని నూలుగుడ్డ మడతల మధ్య పరచి వాపు మీద వేయాలి. చల్లారగానే మార్చాలి. ఇక్కడ పనిచేసేది చాలావరకు వేడీ తేమే, అందుకే బ్రెడ్డు, అవిసెపిండి, బంగాళాదుంప ఏది కట్టినా పల్లెల్లో గుణం కనబడింది. ఎక్కువగా జరిగే పొరపాటు కాలడం: గుడ్డ పైన గోరువెచ్చగా తోచినా లోపలి ఆకు మరిగే వేడితో ఉంటుంది. మీ మణికట్టు లోపలి వైపు పది లెక్కపెట్టేదాకా ఓర్చుకోగలిగితేనే రోగికి వేయండి. ఎర్రదనం చుట్టూ పాకుతున్నా, జ్వరం వచ్చినా పట్టు తీసేసి డాక్టరు దగ్గరకు వెళ్లడమే.

పూతమందు చేయడానికి ఉప్పు కలపని పందికొవ్వు వాడేవారు, మీరు ఆలివ్ నూనె, తేనెమైనం వాడుకోవచ్చు. పచ్చాకు తిన్నగా నూనెలో వేస్తే వారంలో బూజు పడుతుంది, ఎందుకంటే చిక్‌వీడ్‌లో అధిక భాగం నీళ్లే. ముందురోజు రాత్రి గుడ్డ మీద వాడబెట్టండి. 100 గ్రాముల వాడిన ఆకుకు 200 మిల్లీలీటర్ల నూనె. వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి సన్నసెగ మీద గంటన్నర. బుడగలు ఆగిపోతే నీరు ఇంకిపోయినట్టు. వడగట్టి, 20 గ్రాముల మైనం కరిగించి కలిపి సీసాకెత్తాలి. మైనం కలపకముందే, వడగట్టిన నూనె అడుగున గోధుమరంగు తేమ పొర కనబడితే దాన్ని వదిలి పైది మాత్రమే వేరే గిన్నెలోకి ఒంపుకోండి. కాలిన చోట ఇలాంటి జిడ్డు రాయమని పల్లెల్లో చెబుతారు. వినకండి. జిడ్డు వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. కాలిన వెంటనే చేయాల్సింది 20 నిమిషాలు కుళాయి నీళ్ల కింద ఉంచడం.

ఇక అసలు జాగ్రత్త పడాల్సిన చోటు. కాంఫ్రీ, మల్లెన్, ఫాక్స్‌గ్లవ్. ఈ మూడూ పూతకు రాకముందు నేలను అంటుకుని నూగు ఆకుల గుత్తిలా ఉంటాయి, పల్లె వైద్యంలో మూడూ ఉన్నాయి. కాంఫ్రీ అనుకుని ఫాక్స్‌గ్లవ్ ఆకుతో టీ కాచుకున్నవారు ఆసుపత్రుల పాలైన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. చూసే పద్ధతి ఇది. ఆకు అంచు మీద గోరు నడపండి: ఫాక్స్‌గ్లవ్‌కి సన్నని గుండ్రటి పళ్లు తగులుతాయి, కాంఫ్రీ అంచు నున్నగా పళ్లు లేకుండా ఉంటుంది. తాకి చూస్తే కాంఫ్రీ గరుకు, గుచ్చుకునే వెంట్రుకలు. తొడిమ కోస్తే బెండకాయలాంటి జిగురు. ఫాక్స్‌గ్లవ్ మెత్తటి నూగు, అడుగున ఈనెల వల ఉబికి కనబడుతుంది, ఆకు పలక తొడిమ మీదకు రెక్కలా దిగుతుంది. మల్లెన్ రెండువైపులా మందపాటి ఊలు గుడ్డ, ఉన్ని దుప్పటి తాకినట్టే. అనుమానం ఉంటే పూత వచ్చేదాకా ఆగండి. ఎండబెట్టినా ఉడికించినా ఫాక్స్‌గ్లవ్ విషం పోదు. 1785లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం విదరింగ్ దీన్ని గుండెనీరు జబ్బుకు కొలత ప్రకారం వాడే పద్ధతి రాశాడు, ఈనాటి గుండె మందు డిగాక్సిన్ ఆ వంశానిదే. కానీ మందు మోతాదుకూ ప్రాణం తీసే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ, ఒక మొక్క ఆకులో ఉన్నంత ఇంకో మొక్కలో ఉండదు. ఇంట్లో వాడే ప్రసక్తే లేదు.

కాంఫ్రీకి ఐరిష్‌లో ‘విరిగిన ఎముకల మొక్క’ అని అర్థమొచ్చే పేరుంది, మన నల్లేరులా. వేరు పైన నలుపు, లోపల తెలుపు. శరదృతువులో తవ్వి, తురిమితే తెల్లటి జిగట ముద్ద వస్తుంది. దాన్ని గుడ్డ మీద వేలిమందాన పరిచి బెణికిన చీలమండకు చుడితే ఆరేకొద్దీ పలకలా బిగుస్తుంది. పాతకాలపు ప్లాస్టర్ కట్టు అనుకోండి. కదలకుండా ఉంచడం, జిగటలోని అలాంటోయిన్ అనే పదార్థం, రెండూ కలిసి బెణుకుకు గుణమిస్తాయి. అయితే ఇందులో పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు ఉన్నాయి, కాలేయాన్ని పాడుచేస్తాయి. అందుకే లోపలికి పుచ్చుకోకూడదు, తెగిన చర్మం మీద వేయకూడదు. జర్మనీ నిబంధన ప్రకారం పైకి వాడినా ఏడాదికి 4 నుంచి 6 వారాలు దాటకూడదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు అసలు వద్దు. ఊదా పూల రష్యన్ కాంఫ్రీలో ఈ విషం ఇంకా ఎక్కువ, గట్ల మీద ఎక్కువగా కనబడేది అదే. లోతు గాయానికి కడితే ఇంకో ముప్పుంది: పై చర్మం త్వరగా మూసుకుని చీము లోపలే ఉండిపోతుంది. ఎముక విరిగిందన్న అనుమానముంటే కట్టు కాదు, ఎక్స్‌రే.

మల్లెన్ కథ కాస్త వేరు. ఐర్లండ్‌లో క్షయరోగులకు దీని ఆకు పాలలో కాచి ఇచ్చేవారు, పెరళ్లలో పెంచేవారు. డబ్లిన్‌లో డాక్టర్ క్విన్లన్ రోగుల మీద పరీక్షించి 1883లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. దగ్గు, విరేచనాలు తగ్గాయన్నారు. రాత్రి చెమటలకు మాత్రం ఏమీ చేయలేదనీ ఆయనే ఒప్పుకున్నారు. జానపద వైద్యాన్ని ఎలా పరీక్షించాలో చూపిన మంచి ఉదాహరణ ఇది. క్షయకు మందు కాదు. మామూలు గొంతు గరగరకు పనికొస్తుంది: 30 గ్రాముల ఎండుటాకు ఒక పింట్, అంటే 570 మిల్లీలీటర్ల పాలలో పది నిమిషాలు సన్నగా కాచి, తప్పనిసరిగా రెండు మడతల గుడ్డలో వడగట్టాలి. టీ జల్లెడతో సరిపెట్టుకుంటే ఆ సన్నని వెంట్రుకలు గొంతులో గుచ్చుకుని దగ్గు రెండింతలవుతుంది.

రాగ్‌వర్ట్ అనే కలుపు పసుపురంగు పూలతో జూలైలో పచ్చికంతా నిండుతుంది. ఫెయిరీలు, అంటే ఐరిష్ కథల్లోని మాయజనం, దీని కాడల మీద స్వారీ చేస్తారని పల్లె నమ్మకం. ఉడికించి వాపులకు కట్టేవారు కూడా. కానీ కాంఫ్రీలో ఉన్న జాతి విషమే దీనిలో చాలా ఎక్కువ. 1936 నాటి హానికర కలుపుల చట్టం కింద దీన్ని తొలగించడం భూమి గలవాడి బాధ్యత. పచ్చిగా చేదు కాబట్టి పశువులు ముట్టవు. కోసి వాడిపోయాక, లేదా కలుపు మందు కొట్టాక చేదు తగ్గి తింటాయి, విషం మాత్రం అలాగే ఉంటుంది. గుర్రాలున్న పొలంలో పీకినవాటిని అక్కడే పడేయడం అందరూ చేసే తప్పు. గ్లౌజులతో పీకి బయటకు తీసుకుపోవాలి. దగ్గుకు పొగ తాగిన కోల్ట్స్‌ఫుట్‌లోనూ ఇదే జాతి ఆల్కలాయిడ్లున్నాయి, వదిలేయండి.

డాండిలయన్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఐరిష్ పిల్లలు దాన్ని పక్క తడిపే పువ్వంటారు, ఆకు మూత్రం ఎక్కువ చేస్తుందనే ఆ పేరు. లేతాకు కూర తినండి. వేరు కావాలంటే శరదృతువులో తవ్వండి, అప్పుడు ఇనులిన్ అనే పిండిపదార్థం ఎక్కువుండి చేదు తగ్గుతుంది. పిత్తాశయంలో రాళ్లున్నవారు, మూత్రం మాత్రలు లేదా లిథియం వాడేవారు ముట్టుకోవద్దు. పులిపిర్లకు సన్ స్పర్జ్ పాలు రాసే అలవాటు మన రెడ్డివారి నానబాలు పాలు రాసినట్టే, రెండూ ఒకే జాతి. పులిపిరి చుట్టూ వాజలీన్ పూసి, చుక్క పాలు దాని మీదే వేయాలి. ఆ చేత్తో కన్ను నులుముకుంటే కంటి పొర కాలుతుంది.

వాగు పక్కకు వెళితే మాత్రం చేతులు కట్టుకుని చూడండి. దగ్గుకూ రక్తహీనతకూ వాటర్‌క్రెస్ పచ్చిగా తినమంటారు. ఐర్లండ్ వాగుల ఎగువన గొర్రెలూ పశువులూ ఉంటాయి, వాటి కాలేయ పురుగు పిల్లలు నత్తల నుంచి బయటకొచ్చి ఈ ఆకుకే అంటుకుంటాయి. బాగా ఉడికిస్తే చస్తాయి, కడిగితే పోవు. దాని మధ్యలోనే ఫూల్స్ వాటర్‌క్రెస్ పెరుగుతుంది, నలిపితే సెలరీ వాసన వస్తుంది. ఆ పక్కనే హెమ్లాక్ వాటర్ డ్రాప్‌వర్ట్: కొత్తిమీర లాంటి ఆకు, అడుగున తెల్ల ముల్లంగుల గుత్తిలా దుంపలు, కోస్తే పసుపు మరకయ్యే రసం. ఈ దీవుల్లో ఇంతకన్నా విషమైన మొక్క అరుదు, చిన్న ముక్కకే మూర్ఛలొస్తాయి. కాలువ పూడిక తీసినప్పుడు దుంపలు పైకొచ్చి పశువులు తిని చచ్చిపోతాయి. దీన్నీ పాతకాలంలో గడ్డల మీద పట్టు వేసేవారు. మీకు ఆ అవసరం లేదు.

పశువుల మందుల్లో ఒకటి చెబుతాను, ఎందుకంటే మనుషుల మందుగా పొరపాటు పడే అవకాశముంది. రెడ్‌వాటర్ వస్తే, అంటే ఆవు మూత్రం ఎర్రగా వస్తే, ఎర్రకాడల హెర్బ్ రాబర్ట్ ఉడికించి, మన దగ్గర వెదురుగొట్టంతో పోసినట్టు, అక్కడ సీసాతో పోసేవారు. ఎరుపుకు ఎరుపు విరుగుడన్న లెక్క. జబ్బు తెచ్చేది పిడుదు మోసుకొచ్చే పరాన్నజీవి, దానికి ఈ కషాయం ఏమీ చేయదు. పైగా తలెత్తి పోసేటప్పుడు కషాయం ఊపిరితిత్తుల్లోకి పోతే ఆవు న్యుమోనియాతో పోతుంది. వెటర్నరీ డాక్టర్‌ను పిలవాలి. టార్మెంటిల్ వేరును మాత్రం దూడల పారుడికి పాలలో కాచి ఇవ్వడంలో అర్థముంది, కోస్తే లోపల ఎర్రగా ఉంటుంది, నిండా టానినే. చేపల వలలకు, తోళ్లకు పదును పెట్టడానికీ అదే వాడేవారు.

ఎక్కడ కోయాలన్నది చివరికి మొక్కకన్నా ముఖ్యమవుతుంది. స్లర్రీ, అంటే పశువుల పేడనీళ్లు, చల్లిన పొలంలో వద్దు. నెటిల్, డాక్ గుబుర్లకు రైతులు మందు కొడతారు. ఆకు మెలికలు తిరిగి, కాడ వంకరపోయి కనబడితే అది కొట్టినదే. రోడ్డు అంచు, కుక్కలు తిరిగే దారి వదిలేయండి. భూమి ఎవరిదో వాళ్లనడగండి. వేరు తవ్వేముందు తప్పకుండా.

ఎవరైనా తెలియక ఏదైనా తిని వాంతులు, కళ్లకు అంతా పసుపుగా కనబడడం, గుండె నెమ్మదించడం, మూర్ఛ ఏది వచ్చినా 112 లేదా 999కి ఫోన్ చేయండి. ఏ లక్షణమూ లేకపోయినా డబ్లిన్ బోమాంట్ హాస్పిటల్‌లోని విషాల సమాచార కేంద్రం ఉదయం 8 నుంచి రాత్రి 10 దాకా 01 809 2166లో సలహా చెబుతుంది. వాంతి చేయించకండి. తిన్న మొక్కను వేరుతో సహా ఒక కవర్లో పెట్టి ఆసుపత్రికి పట్టుకెళ్లండి. పేరు చెప్పబోయి తడబడకండి, మొక్క చూపించండి.